వంకరపోయింది ఎవరి మాట?

స్కాట్లండ్ మాటల గురించి ఒక అభిప్రాయం చాలాకాలంగా చలామణీలో ఉంది. ఇంగ్లీషు సాహిత్యం చెప్పే తరగతుల్లో, రాబర్ట్ బర్న్స్ కవితల కింద వేసే ఫుట్‌నోట్లలో, రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ కథలకు రాసే పీఠికల్లో అది పదే పదే వినిపిస్తుంది. స్కాట్స్ అంటే వేరే భాషేమీ కాదట; ఉత్తరాది పల్లెటూళ్ళ నోళ్ళలో పడి పాడైపోయిన ఇంగ్లీషట. అందులోని పాత మాటలు కూరలో తాలింపులాంటివట: వాసన బాగుంటుంది, కడుపు మాత్రం నిండదు. ఒక్కో మాట పక్కన ఒక్కో ఇంగ్లీషు అర్థం రాసుకుంటే పని అయిపోతుందట. నవ్వించడానికీ కంటతడి పెట్టించడానికీ ఆ మాటలు బాగానే ఉంటాయి గానీ ఆలోచన బరువు మొయ్యలేవట. అవి ఎక్కువయ్యేకొద్దీ పాఠకుడు పుస్తకం మూసేస్తాడట.

ఇది ఊరికే కొట్టిపారేసే వాదన కాదు. దీని వెనక గట్టి సాక్షులే ఉన్నారు. 1786లో కిల్మార్నాక్‌లో అచ్చయిన మొదటి పుస్తకానికి బర్న్స్ పెట్టుకున్న పేరులోనే ‘స్కాటిష్ మాండలికం’ అన్న మాట ఉంది. పుస్తకం చివర పదాల పట్టిక కూడా ఉంది. అంతకు చాలా ముందే, 1752లో, తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ రాతలో దొర్లకుండా చూసుకోవలసిన స్కాటిష్ ప్రయోగాల జాబితా ఒకటి అచ్చువేశాడు. ఈ భాష మరుగునపడే రోజు దగ్గరపడిందని 1887లో ‘అండర్‌వుడ్స్’ సంపుటిలో స్టీవెన్‌సనే దిగులుపడ్డాడు. అందరికన్నా బరువైన మాట అన్నది స్కాట్లండ్ కవి ఎడ్విన్ మ్యూర్. 1936లో వచ్చిన ‘స్కాట్ అండ్ స్కాట్లండ్’లో ఆయన వాదన ఇది: స్కాట్లండ్ మనిషి ఒక భాషలో అనుభవిస్తాడు, ఇంకో భాషలో ఆలోచిస్తాడు, ఆ చీలిక ఉన్నంతకాలం అక్కడ నిండైన సాహిత్యం పుట్టదు, కాబట్టి ఇంగ్లీషులో రాసుకోవడమే దారి. వీటికి తోడు, అందరూ ఒప్పుకున్న వర్ణక్రమం స్కాట్స్‌కు ఈనాటికీ లేదు. ఇంగ్లీషు బాగా వచ్చినవాడికి అందులో చాలా భాగం ఊహకు అందుతుంది కూడా.

ఇవన్నీ నిజాలే. వీటి మీద నిలబెట్టిన తీర్పు మాత్రం తప్పు. అది ఎందుకు తప్పో చెప్పడానికి వంద మాటలు అక్కర్లేదు, ‘థ్రాన్’ అనే ఒక్క మాట చాలు. మెలితిరిగిన, వంకరపోయిన అని దాని మొదటి అర్థం. పట్టిన పట్టు విడవని, చెప్పినదానికల్లా అడ్డం తిరిగే అని రెండో అర్థం. 1881 అక్టోబరులో లండన్ పత్రిక ‘కార్న్‌హిల్ మ్యాగజైన్’లో అచ్చయిన స్టీవెన్‌సన్ కథ ‘థ్రాన్ జానెట్’ పేరులోనే అది ఉంది. పై వాదనలోని అంశాలను ఒక్కొక్కటిగా తెచ్చి ఈ మాట ముందు నిలబెడదాం.

1. పాడైన ఇంగ్లీషా?

పాడైందనాలంటే ముందు బాగున్నది ఒకటి ఉండాలి. ఇక్కడ ఆ బాగున్న రూపం ఏది? పాత ఇంగ్లీషులో ‘థ్రావన్’ అనే క్రియ ఉండేది. మెలిపెట్టడం, తిప్పడం అని అర్థం. స్కాట్స్‌లో అది ‘థ్రా’ అయింది, అర్థం మాత్రం చెక్కుచెదరలేదు. కోడి మెడ మెలిపెట్టడం, తాళంచెవి తిప్పడం, గడ్డితాడు పేనడం, అన్నీ ‘థ్రా’ చెయ్యడమే. అలా మెలిపడినది ‘థ్రాన్’. దక్షిణాదిన అదే క్రియ ‘త్రో’ అయింది. క్రికెట్ చూసే ప్రతి తెలుగువాడి నోటా వినబడే ‘త్రో’ ఇదే. విసరడమన్న అర్థం దానికి తర్వాత వచ్చి చేరింది. అది చేరాక మెలిపెట్టడమన్న పాత అర్థం రోజువారీ వాడుకలోంచి జారిపోయింది. కుమ్మరి సారె మీద కుండ చెయ్యడాన్నీ, పట్టుదారానికి పురిపెట్టడాన్నీ ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ ‘త్రోయింగ్’ అనే అంటారు. పాత అర్థం ఆ పనివాళ్ళ దగ్గర మాత్రం మిగిలింది.

అంటే అర్థం మార్చుకున్నది లండన్, నిలబెట్టుకున్నది స్కాట్లండ్. మొదటి రూపం నుంచి తప్పుకోవడమే పాడవడమైతే బోనులో నిలబడాల్సింది ఇంగ్లీషే. ఇంగ్లీషు పాడైందని నేను అనను. భాషలు మారతాయి, మారడం నేరం కాదు. అయితే ఒకరు మారితే దాన్ని పరిణామమనీ, ఇంకొకరు మారకపోయినా దాన్ని అపభ్రంశమనీ అనే ఈ తూకంలో మోసం ఉంది.

శబ్దం సంగతి కూడా చూడండి. ఇంగ్లీషువాడు మంచును ‘స్నో’ అన్నచోట స్కాట్స్‌లో ‘స్నా’ అంటారు. కాకి అక్కడ ‘క్రో’, ఇక్కడ ‘క్రా’. గాలి వీచడం అక్కడ ‘బ్లో’, ఇక్కడ ‘బ్లా’. ‘త్రో’, ‘థ్రా’ ఆ వరసలోవే. తప్పు మాట్లాడేవాడు ఇంత క్రమం తప్పకుండా తప్పు మాట్లాడడు. ఇది రెండు ప్రాంతాల్లో ఒకే పాత అచ్చు రెండు దారులు పట్టిన చరిత్ర. ఏడో శతాబ్దంలో ఆంగ్లులనే తెగవాళ్ళు ఎడింబరో చుట్టుపక్కల లోథియన్ ప్రాంతానికి తెచ్చిన ఉత్తరాది మాటల నుంచి స్కాట్స్ పెరిగింది. లండన్ చుట్టూ పెరిగిన మాట ప్రమాణభాష అయింది. రెండింటికీ మూలం ఒకటే. ఒకదానికి రాజధాని స్థిరంగా దొరికింది. రెండోదాని రాజు 1603లో ఎడింబరో వదిలి లండన్ వెళ్ళిపోయాడు. ‘పాడైన’ అన్న విశేషణానికి కారణం ఇంతే, భాషాశాస్త్ర కారణం ఏమీ లేదు.

2. పక్కన అర్థం రాస్తే చాలా?

‘థ్రాన్’ పక్కన ఏం రాస్తారు? ‘వంకర’ అనో ‘మొండి’ అనో అర్థమిచ్చే ఇంగ్లీషు మాట ఏదో ఒకటి. సందర్భాన్ని బట్టి ఎంచుకోవాలంటారు. ఎంచుకున్న మరుక్షణం మాటలో సగం పోతుంది. గాలివాటానికి మెలితిరిగి పెరిగిన చెట్టు థ్రాన్. ఒక పక్కకు లాగేసిన మూతి థ్రాన్. ఎంతమంది చెప్పినా తన దారి మార్చుకోని ముసలాయన థ్రాన్. ముసలాయనను అలా అన్నవాడికి ఆయన స్వభావంలో ఆ చెట్టు మెలిక కనబడుతూనే ఉంటుంది. తెలుగువాళ్ళకు దీన్ని విడమరచి చెప్పాల్సిన పని లేదు. మొండి చెయ్యి, మొండి గోడ, మొండి బాకీ, మొండిఘటం: తెగిన చేతినీ, వసూలు కాని అప్పునూ, మాట వినని మనిషినీ మనం ఒకే మాటతో పిలుస్తున్నాం. దానికి ఎదురుగా రెండు ఇంగ్లీషు ముక్కలు రాసి ‘మొండి’ని అప్పగించేశామని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా?

గడ్డితాడు పేనే పని దగ్గరికి వెళ్తే ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. దానికి వాడే కొక్కేన్ని ‘థ్రాక్రూక్’ అంటారు. ఒకడు గడ్డివామి దగ్గర కూర్చుని పోచలు అందిస్తుంటాడు. ఇంకొకడు వాటిని కొక్కేనికి తగిలించి, తిప్పుకుంటూ వెనక్కి నడుస్తాడు. కొక్కెం తిరిగేకొద్దీ తాడు సాగుతుంది, బిగుస్తుంది. పట్టు వదిలితే పురి వెనక్కి తిరగబోతుంది. ఆ పని చేసిన చేతికి మెలిక అంటే చూపుకు కనిపించే ఆకారం ఒక్కటే కాదు, ఎదురులాగే బలం కూడా. ‘థ్రాన్’ మనిషిలో ఉన్నదీ ఆ బలమే. అతను వంగినవాడు కాదు, పురి ఎక్కినవాడు. చావు ముందటి పెనుగులాటను ‘డీడ్‌థ్రా’ అంటారు. తాడుకూ, మెడకూ, స్వభావానికీ, పోయే ప్రాణానికీ ఒకే క్రియ. ఫుట్‌నోట్‌లో రాసిన ఒక్క మాట వీటిలో ఒకదాన్ని ఇస్తుంది, మిగిలిన మూడింటినీ దాచేస్తుంది.

ఇక కథ. 1712 నాటి బాల్‌వీరీ, కొండల మధ్య ఊరు. మర్డాక్ సూలిస్ అనే కుర్ర పాదిరి పుస్తకాల చదువుతో కొత్తగా వచ్చాడు. ఇంటిపనికి జానెట్ మెక్‌లౌర్ అనే ముసలామెను పెట్టుకున్నాడు. ఆమె అంటే ఊరికి గిట్టదు. ఎప్పుడో ఒక సైనికుడి వల్ల బిడ్డను కన్నది. ఏళ్ళ తరబడి చర్చిలో ప్రభు భోజనానికి రాలేదు. సందెవేళ తనలో తాను గొణుక్కుంటూ తిరుగుతుంది. ఎవరేమన్నా మాటకు మాట అప్పజెబుతుంది. ఊళ్ళో ఆడవాళ్ళు మంత్రగత్తె అంటూ ఆమె మీద పడి, బట్టలు చింపి, నీళ్ళలో ముంచి తేల్చుకుందామని ఏటికి ఈడ్చుకుపోయారు. పాదిరి అడ్డుపడి విడిపించాడు. సైతానుతో తనకు సంబంధం లేదని అందరి ముందూ ఆమెతో ప్రమాణం చేయించాడు. మర్నాడు జానెట్ వీధిలోకి వచ్చింది. మెడ మెలిపడింది, తల ఒక పక్కకు ఒరిగిపోయింది, చూస్తే ఉరితీసిన శవంలా ఉంది. మాట కూడా సరిగా పలకడం లేదు. ఆ పూట నుంచి ఆమె థ్రాన్ జానెట్.

అది పక్షవాతమనీ, ఆడవాళ్ళు పెట్టిన హింస వల్ల వచ్చిందనీ పాదిరి అంటాడు. జానెట్ ఎప్పుడో చచ్చిపోయిందనీ, ఆ ఒంట్లో సైతాను తిరుగుతున్నాడనీ ఊరు అంటుంది. మెలిపడింది అంటే మెలిపెట్టిన చెయ్యి ఒకటి ఉండాలి కదా. ఆ చెయ్యి రోగానిదా, సైతానుదా, ఏటి గట్టున ఆమెను ఈడ్చిన ఊరిదా? కథంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది, ప్రశ్న ఆ ఒక్క మాటలో ఉంది. పైగా మెడ మెలిపడక ముందు కూడా జానెట్ రెండో అర్థంలో థ్రానే. ఎవరికీ లొంగని మనిషి. ఆమె స్వభావంలో ఊరికి కనబడిన మెలికే ఇప్పుడు ఆమె మెడకు వచ్చింది. దీని పక్కన ‘వంకర మెడ’ అని రాయండి, ఊరి నేరం మాయమవుతుంది. ‘మొండి’ అని రాయండి, శవం మాయమవుతుంది. అర్థం రాయొద్దని నేను అనడం లేదు, రాయండి. రాశాక మాట చేతికి వచ్చేసిందని అనుకోకండి.

3. నవ్వుకూ ఏడుపుకూ మాత్రమేనా?

ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో చెప్పవచ్చు. 19వ శతాబ్దం చివర ‘కేల్‌యార్డ్’ రచయితలని పేరుపడ్డ వర్గం ఒకటి వచ్చింది. కేల్‌యార్డ్ అంటే పెరట్లో కూరమడి. జె.ఎం. బ్యారీ ‘ఎ విండో ఇన్ త్రమ్స్’ (1889), ఇయన్ మెక్‌లారెన్ ‘బిసైడ్ ద బానీ బ్రయర్ బుష్’ (1894) ఆ కోవలోవి. వీటిలో కథ చెప్పే గొంతు మర్యాద ఇంగ్లీషు మాట్లాడుతుంది. స్కాట్స్ మాట్లాడేది అమాయకపు పల్లెజనం, మంచి మనసున్న ముసలివాళ్ళు, చావుమంచం మీది తల్లులు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఇవి విరగబడి అమ్ముడుపోయాయి. స్కాట్స్ చెవిన పడగానే నవ్వడానికో కళ్ళొత్తుకోవడానికో సిద్ధంకావాలని పాఠకులకు అలవాటు చేసినవి ఇవే. ఈ తీపి మీద విసుగుతోనే జార్జ్ డగ్లస్ బ్రౌన్ 1901లో ‘ద హౌస్ విత్ ద గ్రీన్ షటర్స్’ అనే చేదు నవల రాశాడు.

ముందు కొందరు రచయితలు ఆ భాషకు రెండే పనులు ఇచ్చారు. తర్వాత విమర్శకులు దానికి ఆ రెండు పనులే వచ్చునని తేల్చారు. మన సినిమాలు తెలంగాణ యాసను దశాబ్దాలపాటు రౌడీకీ హాస్యగాడికీ అప్పగించి, చివరికి అది హీరోకు నప్పదని మనల్నే నమ్మించలేదా? ఇక్కడా అదే జరిగింది. ఇచ్చిన వేషాన్ని చూసి నటుడి శక్తిని కొలిచారు.

‘థ్రాన్ జానెట్’ ఈ ఏర్పాటును తిరగేసింది. కథ మొదలయ్యేది ఇంగ్లీషులోనే. చదువుకున్న పరాయి గొంతు ఒకటి ముసలి పాదిరి కఠినమైన ముఖాన్నీ, ఆయన కళ్ళలోని బెదురునూ, పొద్దుపోయాక ఎవరూ దగ్గరికి పోని ఆయన ఇంటినీ వర్ణిస్తుంది. ఆ గొంతుకు తెలిసింది అంతే. అసలేం జరిగిందో చెప్పడానికి ఊరి పెద్దమనిషి ఒకడు అందుకుంటాడు, స్కాట్స్‌లో. అక్కడి నుంచి చివరి వాక్యం దాకా కథ ఆయనదే, మళ్ళీ ఇంగ్లీషు గొంతు రాదు. తెలిసినవాడి భాష స్కాట్స్, గుమ్మం బయట నిలబడ్డవాడి భాష ఇంగ్లీషు. వేడి గాలి ఆడని ఆ ఆగస్టు రాత్రి, ఒంటి ఊలు దారంతో మేకుకు వేలాడుతున్న జానెట్‌ను పాదిరి కొవ్వొత్తి వెలుగులో చూసే ఘట్టంలో నవ్వెక్కడుంది, కంటతడి ఎక్కడుంది? అక్కడున్నది ఒట్టి భయం. ఆ భయానికి వాడిన భాష స్కాట్స్.

4. ఈ భాషలో ఆలోచించలేమా?

మ్యూర్ వాదనకు సమాధానం చెప్పాలంటే కాస్త ఓపిక పట్టాలి. చీలిక ఉందని ఆయన గుర్తించడం నిజాయితీ. దాని కారణం దగ్గరా, మందు దగ్గరా ఆయన తప్పాడు.

ముందు కారణం. స్కాట్స్ ఆలోచనకు పనికిరాని భాషే అయితే అది మొదటినుంచీ అలాగే ఉండాలి. 15వ శతాబ్దంలోనే స్కాట్లండ్ పార్లమెంటు చట్టాలు అందులో రాశారు. గావిన్ డగ్లస్ 1513లో వర్జిల్ ‘ఈనియడ్’ను లాటిన్ నుంచి నేరుగా, పూర్తిగా అందులోకి తెచ్చాడు, అప్పటికి ఇంగ్లండ్‌లో ఆ పని చేసినవాడు లేడు. ఆరో జేమ్స్ రాజు 1584లో స్కాట్స్ కవిత్వానికి లక్షణగ్రంథం లాంటిది స్వయంగా రాశాడు. చట్టం, మహాకావ్యం, కావ్యశాస్త్రం, ఇవి ఆలోచన కాక మరేమిటి?

తర్వాత ఏం జరిగింది? 1560లో ప్రొటెస్టెంట్ సంస్కరణ గెలిచినప్పుడు చర్చిలోకి వచ్చిన బైబిలు ఇంగ్లీషుది. మర్డాక్ నిస్బెట్ 1520 ప్రాంతంలో స్కాట్స్‌లోకి మార్చిన కొత్త నిబంధన రాతప్రతిగానే మిగిలిపోయి, 20వ శతాబ్దం వచ్చాక గానీ అచ్చు మొహం చూడలేదు. 1603లో రాజు వెళ్ళాడు. 1707లో పార్లమెంటు వెళ్ళింది. 1761లో థామస్ షెరిడన్ అనే ఐరిష్ నటుడు ఎడింబరో వచ్చి ఇంగ్లీషు ఎలా పలకాలో ఉపన్యాసాలిస్తే వందలమంది పెద్దమనుషులు డబ్బు కట్టి కూర్చుని విన్నారు. జేమ్స్ బీటీ 1787లో స్కాటిష్ ‘తప్పుల’ పుస్తకం వేశాడు. 1872 విద్యా చట్టంతో పిల్లలందరికీ బడి తప్పనిసరి అయింది, ఆ బడి ఇంగ్లీషులో నడిచింది. దేవుణ్ణీ, రాజునూ, చట్టాన్నీ, బడినీ ఒక భాష నుంచి ఒక్కొక్కటిగా లాగేసుకుని, చివరికి ఇందులో ఆలోచన లేదేమిటని అడగడం అన్యాయం. మ్యూర్ చూసిన చీలిక విధానాలు చేసిన గాయం. ఆయన దాన్ని ఆ భాష పుట్టుకతో తెచ్చుకున్న రోగమనుకున్నాడు.

ఇక మందు. చీలిక ఉందని ఒప్పుకున్నా, ఇంగ్లీషులో రాయాలన్న ముగింపు దానంతట అది రాదు. బుర్రా గుండే ఒక భాషలో ఉండాలన్నదే షరతైతే, ఆలోచనను స్కాట్స్‌లోకి తేవడం కూడా ఆ షరతును తీరుస్తుంది. ఈ రెండో దారిని మ్యూర్ పుస్తకానికి పదేళ్ళ ముందే ఒకడు నడిచి చూపించాడు. హ్యూ మెక్‌డయర్‌మిడ్ అనే కలంపేరుతో సి.ఎం. గ్రీవ్ 1926లో వేసిన ‘ఎ డ్రంక్ మ్యాన్ లుక్స్ ఎట్ ద థిసిల్’ రెండువేల పంక్తులు దాటిన స్కాట్స్ కావ్యం. దాంట్లో స్కాట్లండ్, రష్యా, లైంగికత, దేవుడు, శూన్యం అన్నీ చర్చకు వస్తాయి. జాన్ జేమీసన్ 1808లో కూర్చిన నిఘంటువులోంచి పాత మాటలు తవ్వి తెచ్చి ఆయన కొత్త పనులకు పెట్టాడు. అది కృత్రిమ భాష అన్నారు. ఏ కావ్యభాష కృత్రిమం కాదు? నన్నయ రాసినట్టు రాజమహేంద్రవరం సంతలో మాట్లాడుకున్నారా?

మళ్ళీ జానెట్ దగ్గరికి రండి. పాదిరి చదువు ఇంగ్లీషు, లాటిన్ పుస్తకాల చదువు. ఆ చదువు చేసిన రోగనిర్ధారణను మనకు చేరవేసేది స్కాట్స్ మాట్లాడే ఊరి పెద్దే. పాదిరి హేతువాదాన్నీ, ఊరి నమ్మకాన్నీ, కుర్ర పాదిరి పుస్తకాల బరువు మీద తనకున్న ఎకసెక్కాన్నీ ఆయన ఒకే గొంతులో నడిపిస్తాడు. రెండు వాదాలను పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద ఇంకొకదాని నీడ పడేలా చెప్పడాన్ని ఆలోచన అనకపోతే ఆ మాటకు అర్థం లేదు.

1983లో వచ్చిన డబ్ల్యూ.ఎల్. లోరిమర్ కొత్త నిబంధన ఈ వివాదానికి చివరి సాక్ష్యం. ఆయన గ్రీకు పండితుడు. ఇంగ్లీషు బైబిలు నుంచి కాకుండా గ్రీకు మూలం నుంచి స్కాట్స్‌లోకి తెచ్చాడు. క్రీస్తును సైతాను శోధించే ఘట్టానికి ఆయన రాసిపెట్టిన ఒక పాఠంలో సైతాను ఒక్కడే ప్రమాణ ఇంగ్లీషు మాట్లాడతాడు. నాలుగు వందల ఏళ్ళు స్కాట్స్‌కు దేవుణ్ణి దూరం చేసిన చరిత్రకు అంత పొట్టి జవాబు మరొకటి నేనెరగను.

5. పాఠకుడు దూరమవుతాడా?

ఈ మాట అనేవాళ్ళు షేక్‌స్పియర్‌ను ఎలా చదువుతున్నారు? పేజీలో సగం ఫుట్‌నోట్లే. ఆ శ్రమను సంస్కారం అంటారు, పరీక్షల్లో మార్కులేస్తారు. అదే శ్రమ స్కాట్స్‌కు పడాల్సివస్తే రచయిత తప్పు చేశాడంటారు. తెలియని మాట రెండుచోట్లా తెలియని మాటే. శ్రమ పడదగ్గ భాష ఏదో ముందే నిర్ణయించుకుని పాఠకుడి పేరు చెబుతున్నారు.

పాఠకుడు వాళ్ళనుకున్నంత పిరికివాడు కూడా కాదు. ‘కార్న్‌హిల్’ ఎడింబరో పత్రిక కాదు. లెస్లీ స్టీవెన్ సంపాదకుడిగా లండన్ మధ్యతరగతి చదివిన పత్రిక. ఆ కథ అక్కడే వెలుగు చూసింది, ఇప్పటికీ దయ్యాల కథల సంకలనాల్లో ఉంటోంది. ఎడింబరో పేటల మాటతో నిండిన ఇర్విన్ వెల్ష్ ‘ట్రైన్‌స్పాటింగ్’ (1993) ప్రపంచమంతా అమ్ముడుపోయింది. గ్లాస్గో పనివాడి గొంతుతో జేమ్స్ కెల్మన్ రాసిన ‘హౌ లేట్ ఇట్ వాజ్, హౌ లేట్’ 1994లో బుకర్ గెలిచినప్పుడు న్యాయనిర్ణేతల్లో ఒకరే బహిరంగంగా తప్పుపట్టారు. పుస్తకం నిలబడింది. నామిని చిత్తూరు మాటను గుంటూరు పాఠకుడూ, ‘కన్యాశుల్కం’లో విజయనగరం మాటను వరంగల్ పాఠకుడూ చదువుకోవడం లేదా? మొదటి రెండు పేజీలు తడబడతారు, మూడో పేజీకి చెవి అలవాటుపడుతుంది. ‘థ్రాన్’ తెలియని పాఠకుడికి కూడా జానెట్ మెడ కనబడగానే మాట తెలిసిపోతుంది, ఫుట్‌నోట్ చూసే అవసరమే రాదు.

6. ఈ అభిప్రాయం చేసిన పని

ఒక తప్పు అభిప్రాయం అభిప్రాయంగానే ఉండిపోతే ఇంత రాయాల్సిన పని లేదు. ఇది పనులు చేసింది. ఇంట్లో తల్లి నేర్పిన మాట బడిలో అన్నందుకు పిల్లల అరచేతుల మీద ‘టాజ్’ అనే తోలుపట్టీ పడింది. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, తమ పిల్లలతో ఆ మాట అనడం మానుకున్నారు. తాము మాట్లాడేది భాషే కాదని, ఒట్టి మోటు మాట అని నమ్మినవాళ్ళు దాన్ని రాయడానికి ఎలా పూనుకుంటారు? వర్ణక్రమం స్థిరపడలేదని ఈరోజు ఎత్తిచూపే లోపం ఆ నమ్మకానికి ఫలితం. ఫలితాన్ని తెచ్చి కారణంగా చూపిస్తున్నారు.

ఇటీవలి ఉదాహరణ ఇంకా విడ్డూరం. స్కాట్స్ వికీపీడియాలో వేల వ్యాసాలు ఆ భాష రాని ఒక అమెరికన్ కుర్రాడు రాసినవని 2020 ఆగస్టులో బయటపడింది. అతను చేసింది ఇంగ్లీషు వాక్యాలు తీసుకుని, నిఘంటువు చూసి అక్కడక్కడా మాటలు మార్చి, మిగతావాటి అక్షరాలు కాస్త వంకర తిప్పడం. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఇంగ్లీషును కొంచెం పాడుచేస్తే స్కాట్స్ వస్తుందని లోకమంతా చెబుతున్నదాన్ని అతను నిజమనుకుని ఆచరించాడు. ఆ సిద్ధాంతమే నిజమైతే అతను రాసింది మంచి స్కాట్స్ అయ్యుండాలి. స్కాట్స్ వచ్చినవాళ్ళు చదివి ఇది మా భాష కాదన్నారు. ఒక సిద్ధాంతానికి ఇంతకన్నా పెద్ద పరీక్ష ఎవరూ పెట్టలేరు. అది తప్పింది.

ఈ భాష శవం కూడా కాదు. 2022 జనాభా లెక్కల్లో స్కాట్స్ మాట్లాడతామని చెప్పినవాళ్ళు 15 లక్షలకు పైనే. 1931లో మొదలై 1976లో పూర్తయిన స్కాటిష్ నేషనల్ డిక్షనరీ పది సంపుటాలు. 2025లో స్కాట్లండ్ పార్లమెంటు అక్కడి మరో భాష గేలిక్‌తో పాటు స్కాట్స్‌కు అధికార హోదా ఇస్తూ చట్టం చేసింది. చట్టంతో భాష బతకదు, నిజమే. కానీ మాండలికమా భాషా అన్న పాత తగువును పట్టుకుని సాహిత్యపు విలువ కట్టేవాళ్ళకు ఆ ఊతకర్ర కూడా ఇక లేదు.

కాబట్టి తరగతిలో ‘థ్రాన్ జానెట్’ చెప్పేవాళ్ళు దాన్ని ఇంగ్లీషులోకి విప్పేసి, కథాసారం చెప్పి వదిలేస్తే వాళ్ళు ఆ కథ చెప్పనట్టే. సంపాదకులు ‘థ్రాన్’ను మార్చి ‘సులువు పాఠం’ వేస్తే అది స్టీవెన్‌సన్ రాసిన కథ కాదు. దీన్ని తెలుగులోకి తెచ్చేవాళ్ళు ఊరి పెద్ద గొంతును పత్రికల తెలుగులోకి చదును చెయ్యకూడదు. నవ్వు పుట్టించే యాసకు తోసెయ్యనూ కూడదు. మొదటి పేజీ పరాయివాడికి పత్రికల తెలుగు ఇవ్వండి. మిగతా కథకు మీ సొంత ఊరి మాట, భయపెట్టగల మాట, పూర్తిగా ఇవ్వండి. స్కాట్స్ మాటను మోసే బరువు చదివేవాడి మీద ఉంటుంది. చదివేవాడి సౌకర్యం కోసం దాన్ని మార్చుకోవాల్సిన బాకీ ఆ భాషకు గానీ, ఆ భాషలో రాసేవాడికి గానీ లేదు.